నాన్నగారి 315 రైఫిల్‌కు థంబ్‌హోల్ స్టాక్ పడుతుందా?

మీరు అడిగింది: నాన్నగారి నుంచి వచ్చిన ఇషాపూర్ 315 బోర్ వేట రైఫిల్‌కు పాత చెక్క తీసేసి, బొటనవేలు దూర్చి పట్టుకునే థంబ్‌హోల్ స్టాక్ వేయించవచ్చా అని. వేయించవచ్చు. కాకపోతే ఫొటోల్లో కనిపించే ఏకచెక్క స్టాక్ దీనికి కూర్చోదు. మా తాతగారి రైఫిలూ ఇదే. నేను మడమ (భుజానికి ఆనే వెనక చెక్క) ఒక్కటే మార్పించి, బ్యారెల్ కింద ఉండే ముందు చెక్క పాతదే ఉంచాను. మీకూ అదే చెబుతాను.

315 లోపల ఉన్నది బ్రిటిష్ సైన్యం వాడిన పాత లీ ఎన్‌ఫీల్డ్ రైఫిల్ యంత్రమే. బ్రిటిష్ వాళ్ల కాలంలో సైన్యం వాడే 303 తూటా మామూలు జనం చేతికి పోకూడదనుకున్నారు. అందుకే 8 ఎం.ఎం. మాన్లికర్ తూటా 315 పేరుతో ఇక్కడ స్థిరపడింది. మౌజర్ రకం రైఫిల్‌కు చివరి నుంచి చివరి దాకా ఒకటే చెక్క. లీ ఎన్‌ఫీల్డ్‌కు ముందు చెక్క వేరు, మడమ వేరు, మధ్యలో ఇనుప సాకెట్. కాబట్టి మీకు దొరికేది థంబ్‌హోల్ మడమ మాత్రమే.

ఆ మడమను పట్టి ఉంచేది దాని లోపల పొడుగ్గా ఉండే బోల్టు. అడుగున ప్లేటు విప్పి, పొడవాటి స్క్రూడ్రైవర్ పెట్టి తిప్పేస్తే ఊడొస్తుంది కదా అనిపిస్తుంది. అలా చేయకండి. పాత నమూనాల్లో ఆ బోల్టు ముందు కొస పలకలుగా ఉండి, ముందు చెక్కలో ఉన్న చిన్న ఇనుప ప్లేటులో ఇరుక్కుని ఉంటుంది. ముందు చెక్క తీయకుండా తిప్పితే ఆ చెక్క నిలువునా చీలుతుంది. కొత్త ముందు చెక్క కూర్చడమంటే చాలా ఓపిక కావాలి. కాల్చినప్పుడు వచ్చే తన్ను, ఆ చెక్క వెనక అంచులు రెండూ సమానంగా మోయాలి. మా గన్‌స్మిత్ ఇనుముకు మసి పూసి, చెక్కకు ఎక్కడ అంటిందో చూసి, అక్కడే కాస్త కాస్త గీకేవాడు. అందుకే బాగున్న ముందు చెక్కను మార్చొద్దంటున్నా.

ఇంతకీ మీకు థంబ్‌హోలే ఎందుకు? స్కోప్ పెట్టాక చెంప ఆనడం లేదనా? పాత మడమ ఇనుప సైట్లకు తగ్గట్టు కిందికి వాలి ఉంటుంది, కాబట్టి స్కోప్‌లో చూడాలంటే తల గాల్లో ఉంటుంది. దానికి చెంప దగ్గర ఎత్తు ఉన్న మామూలు మడమ, వెనక రబ్బరు ప్యాడ్ చాలు. నేను వేయించింది అదే. ఎత్తు మరీ ముందు దాకా ఉంటే మాత్రం రైఫిల్ బోల్టు (మడమ లోపలి బోల్టు కాదు, తూటాను లోపలికి నెట్టేది) వెనక్కి లాగి బయటికి తీయడానికి అడ్డం పడుతుంది, శుభ్రం చేసిన ప్రతిసారీ తిట్టుకోవాలి. ట్రిగ్గర్ నుంచి మడమ చివరి దాకా పొడవు మీ చేతికి సరిపోయేలా కొలిపించండి, నాన్నగారి కొలత మీకు సరిపోవాలని లేదు. చెక్కకు మెరిసే వార్నిష్ వద్దు, అవిసె నూనె పట్టించండి.

ఇక చట్టం. రైఫిల్ మీ పేరు మీదకు పూర్తిగా మారిందా? వారసుల లైసెన్సు సంగతి 2016 ఆయుధ నియమాల్లో 25వ నియమంలో ఉంది. అది చేతికి వచ్చేదాకా తుపాకీ పోలీస్ స్టేషన్‌లోనో లైసెన్సున్న డీలర్ దగ్గరో డిపాజిట్‌లోనే ఉండాలి. 1959 ఆయుధ చట్టం సెక్షన్ 5 ప్రకారం రిపేర్లు, మార్పులు చేసేవాళ్లకు లైసెన్సు ఉండాలి. ఊళ్లో వడ్రంగి ఎంత పనిమంతుడైనా రైఫిల్ అతని దగ్గర వదిలి రాకండి. చెక్క పనేగా, బ్యారెల్ కూడా కాస్త కోయిద్దాం అని ఎవరైనా సలహా ఇస్తే అక్కడి నుంచి లేచి వచ్చేయండి, బ్యారెల్ పొట్టి చేయడం అదే చట్టం సెక్షన్ 6 కిందికి వస్తుంది. లైసెన్సులో ఉండే నంబరు ఇనుము మీదిది, చెక్క మారితే అది మారదు. అయినా మీ కలెక్టరేట్ లైసెన్సు విభాగంలో ఒక మాట అడిగి ఉంచుకోండి.

మాది కర్నూలు వైపు. పాతరోజుల్లో ఇలాంటి పనికి హైదరాబాద్ వెళ్లేవాళ్లం. 2014 తర్వాత అది పక్క రాష్ట్రం. లైసెన్సు ఆంధ్రప్రదేశ్ వరకే చెల్లేదైతే రైఫిల్ పట్టుకుని బస్సెక్కేయకండి, ముందు ఏరియా వ్యాలిడిటీ చూసుకోండి.

మడమ మార్చడానికైనా ముందు చెక్క ఒకసారి ఊడదీసి మళ్లీ బిగించక తప్పదు, గురి కాస్త జరగొచ్చు. రైఫిల్ క్లబ్ రేంజిలో తూటాలు కాల్చి సైట్లు సరిచూసుకున్నాకే గన్‌స్మిత్‌కు మిగతా డబ్బులు ఇవ్వండి.