ఎఫ్‌డీ చేసినంత మాత్రాన సరిపోదు

ప్రశ్న: మాది మిర్యాలగూడ దగ్గర పల్లె. ఊరి వాట్సాప్ గ్రూపులో పీఎం కిసాన్ పేరుతో ఒక యాప్ ఫైల్ (ఏపీకే) వస్తే మా నాయన నొక్కి ఇన్‌స్టాల్ చేశారు. నిన్న రాత్రి ఖాతాలోంచి రూ.48,000 పోయాయి. వడ్లు అమ్మిన పైసలు రూ.3.40 లక్షలు ఇంకా అందులోనే ఉన్నాయి. అదే బ్యాంకులో ఎఫ్‌డీ చేస్తే సేఫేనా? - ఒక పాఠకురాలు

జవాబు: ఎఫ్‌డీ సంగతి తర్వాత చూద్దాం అమ్మా, ముందు ఆ ఫోన్ సంగతి చూడండి. నెట్ ఆపేసి, సిమ్ తీసి బటన్ ఫోన్‌లో వేయండి. అలాంటి యాప్ మీ నాయనకు వచ్చే మెసేజ్‌లు చదివి, ఓటీపీలు దొంగలకు చేరవేస్తుంది. సిమ్ మారితే ఆ దారి మూసుకుంటుంది. ఇంకో ఫోన్ నుంచి వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. పోయిన డబ్బు ఏదో ఒక ఖాతాలో ఇంకా ఆగి ఉంటే దాన్ని పట్టి ఉంచే అవకాశం మొదటి గంటల్లోనే ఎక్కువ. తెల్లారింది కదా అని ఊరుకోవద్దు, ఇప్పుడైనా చేయండి. తర్వాత బ్యాంకుకు వెళ్లి ఖాతాను ఆపించి, రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, నంబరు తీసుకోండి. ఆర్‌బీఐ 2017లో ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం, మన పొరపాటుతో పోయినా సరే, బ్యాంకుకు చెప్పిన తర్వాత పోయేది బ్యాంకే భరించాలి. అంతకు ముందు పోయింది మాత్రం మన మీదే పడుతుంది.

మీ నాయనను తిట్టకండి. ఆ ఫైల్ తెలిసినవాళ్ల నంబరు నుంచే వచ్చి ఉంటుంది. వాళ్ల ఫోన్‌లో దూరిన యాప్ వాళ్లకు తెలియకుండానే గ్రూపులకు పంపుతుంది. ఇవాళ తిడితే రేపు ఏదైనా జరిగినా దాచిపెడతారు, అది ఇంకా నష్టం. యాప్ డిలీట్ చేసి వదిలేయకుండా ఫోన్ మొత్తం రీసెట్ చేయించండి.

ఇక ఎఫ్‌డీ. బ్యాంకు యాప్‌లో వేసిన ఎఫ్‌డీని అదే యాప్‌లో విరగ్గొట్టొచ్చు. లాగిన్ దొంగ చేతికి పోతే ఎఫ్‌డీ కూడా పోయినట్టే. అందుకే నేనైతే రెండు ఖాతాలు పెట్టమంటాను. ఇప్పుడున్నదాన్ని, అంతా సర్దుకున్నాక, ఫోన్‌పే ఖర్చులకు ఉంచండి. ఏడాదికి మూడు విడతల్లో వచ్చే పీఎం కిసాన్ రూ.6,000 కూడా దాంట్లోనే పడనివ్వండి. ఎప్పుడూ పది, పదిహేను వేలకు మించి అందులో ఉంచొద్దు. పంట పైసలకు వేరే ఖాతా తెరవండి. దానికి యూపీఐ, నెట్ బ్యాంకింగ్, ఏటీఎం కార్డు ఏవీ వద్దు, పాస్‌బుక్ చాలు. కౌంటర్‌లో లైన్ కడితే కాస్త విసుగే గానీ, ఇక్కడ ఆ విసుగే మీకు కాపలా. కొత్త ఖాతా ఫారంలో ప్రభుత్వ రాయితీల కోసం ఆధార్ జోడించాలా అని ఒక గడి ఉంటుంది, దానికి టిక్కు పెట్టొద్దు. పెడితే పీఎం కిసాన్ డబ్బు ఇటు మళ్లుతుంది. ఎఫ్‌డీ చేస్తే శాఖలోనే, మీ అమ్మానాన్నల ఇద్దరి పేర్ల మీద, ఇద్దరి సంతకాలుంటేనే తీసేలా చేయించండి.

ఇంకొకటి. వేలిముద్రతో ఖాతాలోంచి డబ్బు తీసే మోసాలు కూడా ఉన్నాయి. ఆధార్ యాప్‌లో బయోమెట్రిక్ లాక్ పెట్టండి. కానీ లాక్ ఉంటే రేషన్ షాపులో వేలు పడదు. మీ అమ్మ పేరు కూడా రేషన్ కార్డులో ఉంటే, లాక్ మీ నాయనకు పెట్టి బియ్యానికి అమ్మను పంపండి.