రెండు ఇంజిన్లు, రెండు ట్యాంకులు

ఫిషింగ్ హార్బరు ఇంజిన్ మేస్త్రి జవాబులు

ప్రశ్న: మేస్త్రి గారూ, 28 అడుగుల ఫైబర్ బోటు కట్టిస్తున్నాను. ఐదుగురం గాలాలతో కోనాం, సూర చేపల వేటకు 35 కిలోమీటర్ల దాకా వెళ్తాం. బోటు హార్బరులోనే ఉంటుంది, ఇసుక మీదికి లాగే పని లేదు. బోటు వెనక బయట బిగించే అవుట్‌బోర్డు ఇంజిన్లు 40 హెచ్‌పీవి రెండు పెట్టాలని నా ఆలోచన. మా బావ 90 హెచ్‌పీది ఒక్కటి చాలంటున్నాడు. ఇంట్లో ఉన్న పాత టూ స్ట్రోక్ పక్కన కొత్త ఫోర్ స్ట్రోక్ బిగిస్తే డబ్బు మిగులుతుందని ఇంకొకరు చెప్పారు. ఏం చేయమంటారు?
- ఒక పాఠకుడు, పెద జాలారిపేట

జవాబు: వేగమే కావాలంటే మీ బావగారి మాటే సరైనది. నీళ్లలో రెండు ఇంజిను కాళ్లు ఈడ్చుకుంటూ వెళ్లే బోటు, అంతే శక్తి ఉన్న ఒక్క ఇంజిను బోటు కంటే కొంచెం నెమ్మది. బరువూ ఎక్కువే. ఫోర్ స్ట్రోక్ 40 ఒక్కోటి సుమారు 100 కిలోలు, 90 అయితే మొత్తం 160 కిలోల దగ్గర తేలుతుంది. ప్లగ్గులు, ఆయిలు, ఫిల్టర్ల ఖర్చు కూడా రెండింతలే. అయినా మీరు వెళ్లే దూరానికి నేను రెండే పెట్టమంటాను. ఒకటి ఆగినా ఇంటికి రావడానికే ఆ రెండోది. అలా రాలేని బోటుకు రెండోది బరువు మాత్రమే.

ఈ మాట నేను నేర్చుకున్న తీరు చెప్పాలి. ఒక బోటుకు రెండు ఇంజిన్లు నా చేత్తోనే బిగించాను. చోటు కలిసివస్తుందని రెండింటికీ ఒకే ట్యాంకు, ఒకే ఫిల్టరు పెట్టాను. డిసెంబరులో ఒక రాత్రి విశాఖ డాల్ఫిన్స్ నోస్ కొండ ఎదుట లోతు నీళ్లలో ఉండగా పెట్రోలులోకి నీరు చేరింది. ముందు ఎడమది ఆగింది, పది నిమిషాలకు కుడిది. ఈశాన్య గాలి రోజుల్లో మన తీరంలో నీటి ఒరవడి దక్షిణానికి ఉంటుంది కదా, బోటులోని నలుగురూ తెల్లవారేసరికి దక్షిణాన అప్పికొండ ఎదుట ఉన్నారు. వేరే బోటు తాడు వేసి లాక్కొచ్చింది. ఆ నలుగురిలో మా అన్న ఒకడు. ఆ రోజు నుంచి జంట ఇంజిన్లకు ఒకే ట్యాంకు నేను బిగించలేదు.

కాబట్టి మీరు యార్డులో ముందు అడగాల్సింది ఇంజిను కంపెనీ గురించి కాదు, ట్యాంకుల చోటు గురించి. రెండు ట్యాంకులు, రెండు బ్యాటరీలు, నీటిని వేరుచేసే 10 మైక్రాన్ల ఫిల్టర్లు రెండు. కావాలంటే రెండు ట్యాంకుల గొట్టాల మధ్యలో ఒక వాల్వు పెట్టించుకోండి, మామూలుగా మూసే ఉండాలి.

ఒక్క ఇంజినుతో ఎలా వస్తారో కూడా ఇప్పుడే లెక్క వేసుకోండి. సరుకుతో ఉన్న మీ బోటు ఒక్క 40తో నీటి మీదికి లేచి జారేంత వేగం అందుకోదు, గంటకు పది పదకొండు కిలోమీటర్లే నడుస్తుంది. 35 కిలోమీటర్లకు మూడు గంటలు దాటుతుంది. ఆగిన ఇంజినును పైకి ఎత్తేయాలి, నడిచేదాన్ని సగం థ్రాటిల్ దాటనివ్వకూడదు. తొందరపడి పూర్తిగా లాగితే బరువు మోయలేక అదీ వేడెక్కుతుంది. రెండూ పూర్తి థ్రాటిల్‌లో ఉంటే గంటకు 30 లీటర్ల దాకా తాగుతాయి. పెట్రోలులో మూడో వంతు వెళ్లడానికి, మూడో వంతు రావడానికి, మిగిలింది ముట్టుకోకుండా ఉంచడానికి.

పాత టూ స్ట్రోక్ పక్కన కొత్త ఫోర్ స్ట్రోక్ వద్దు. గేరు నిష్పత్తి వేరు, ప్రొపెల్లరు వేరు. ఒకటి లాగుతుంటే ఇంకొకటి వెనకబడుతుంది, చుక్కాని పట్టినవాడి చేతులు పడిపోతాయి. పైగా ఒకదానికి పెట్రోలులో ఆయిలు కలపాలి, రెండోదానికి కలపకూడదు. చీకట్లో, కెరటాల మధ్య డబ్బాలు మారిపోవడానికి ఎంతసేపు? ఒకే కంపెనీ, ఒకే మోడల్ జత కొనండి. అప్పుడు ఒక ప్లగ్గు, ఇంజినును చల్లబరిచే నీళ్లు తోడే ఇంపెల్లరు ఒకటి, ఒక ప్రొపెల్లరు అదనంగా పెట్టుకుంటే రెండింటికీ పనికొస్తాయి. విశాఖలో ఏ కంపెనీ విడిభాగాలు అదే రోజు దొరుకుతాయో అదే మీ కంపెనీ.

అమరం పలక, అంటే బోటు వెనక ఇంజిను బిగించే పలక, పోయకముందే ఇంజిను ఎంచుకోవాలి. ఇంజిను కాలి పొడవును బట్టి పలక ఎత్తు ఉండాలి: లాంగ్ షాఫ్ట్ అంటే 20 అంగుళాలు, ఎక్స్‌ట్రా లాంగ్ 25. బోటు అడుగు 'వి' ఆకారంలో ఉంటే మధ్య గీత దగ్గర కొలిచిన ఎత్తు జంటకు పనికిరాదు, పక్కలకు పోయేకొద్దీ అడుగు పైకి లేస్తుంది. ఒక్కో ఇంజిను కూర్చునే చోటనే కొలవండి. ప్రొపెల్లరు పైనున్న పళ్లెం ఇంచుమించు బోటు అడుగుతో సమానంగా ఉండాలి. పలక లోపలి ప్లైవుడ్ మెరైన్ రకమేనా అని స్వయంగా చూడండి. బోల్టు రంధ్రాల్లో సీలెంటు నింపకపోతే నీరు దిగి లోపలే కుళ్లుతుంది, పైకి ఏమీ కనబడదు.

ఐస్, ఐదుగురు మనుషులు, నిండు ట్యాంకులతో ఒకసారి పూర్తి థ్రాటిల్‌లో నడపండి. నిమిషానికి ఇంజిను తిరుగుడు మాన్యువల్‌లో చెప్పిన హద్దుల దాకా పెరగకపోతే ప్రొపెల్లరు పిచ్, అంటే ఒక్క చుట్టుకు అది ముందుకు నెట్టే దూరం, తగ్గించాలి. ఒక అంగుళం తగ్గిస్తే సుమారు 200 తిరుగుళ్లు పెరుగుతాయి.

ప్రశ్న: వేట నిషేధం రెండు నెలలూ ఇంజినులో పెట్రోలు ఉంచవచ్చా?
- భీమిలి

జవాబు: ఉంచకండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు, చాలా అవుట్‌బోర్డు కంపెనీల మాన్యువల్‌లో 10 శాతం వరకే అనుమతి. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, సముద్రం ఒడ్డున మరీనూ. ట్యాంకు ఖాళీ చేసి, మంచినీళ్లతో ఇంజినును కడిగి, కార్బ్యురేటరులో మిగిలిన చుక్కలు కూడా వదిలించి కప్పండి. ఇంజిను లోహాన్ని ఉప్పునీరు తినకుండా తాను అరిగే జింకు ముక్క సగం అరిగిపోతే మార్చండి.

ప్రశ్న: చేపలమ్మి కూడబెట్టిన డబ్బుతో మా ఆయనకు పాత ఇంజిను కొనిపెడుతున్నాను. మోసపోకుండా ఏం చూడాలి?
- ఒక సోదరి, మంగమారిపేట

జవాబు: అమ్మా, డబ్బు మీది, కాబట్టి మీరే దగ్గరుండి చూడండి. మీరు వెళ్లేసరికి ఇంజిను చల్లగా ఉండాలి. ముందే వేడిగా ఉంటే కష్టంగా స్టార్టయ్యే లోపాన్ని దాచారేమో అడగండి. నీళ్లలో నడిపించి, పక్కనుంచి నీటి ధార ఆగకుండా పడుతోందో లేదో చూడండి. కింది స్క్రూ విప్పించి గేరు ఆయిలు చూడండి. పాలలా తెల్లగా ఉంటే లోపలికి నీరు పోతోంది. ఒక మేస్త్రిని తీసుకెళ్లి ప్రతి సిలిండరు కంప్రెషన్ కొలిపించండి, అంకెలు ఒకదానికొకటి దగ్గరగా ఉండాలి. ఇవన్నీ అయ్యాకే బయానా ఇవ్వండి.