డాక్టర్ సలహా: నాలుగేళ్లుగా నడుంనొప్పి.. ముగ్గురు డాక్టర్లు, మూడు మాటలు

ప్రశ్న: నా వయసు 46. నాలుగేళ్లుగా నడుంనొప్పి. అప్పుడప్పుడు మెడ, భుజాలు కూడా పట్టేస్తాయి. మొదట చూపించుకున్న డాక్టరు ఎమ్మారై చూసి ‘డిస్కులు అరిగాయి, వంగొద్దు, బరువులెత్తొద్దు’ అన్నారు. రెండో డాక్టరు ‘ఏమీ లేదు, అంతా టెన్షన్’ అని పంపేశారు. మూడో డాక్టరు మాత్రలు మారుస్తూనే ఉన్నారు. ఎవరి మాట నమ్మాలి? అసలు నా నొప్పి నిజమేనా?
– ఒక పాఠకురాలు

జవాబు: మీ నొప్పి నిజమే. అన్నిటికంటే ముందు ఆ మాట చెప్పాలి. నాలుగేళ్లు బాధపడిన మనిషి ‘నా నొప్పి నిజమేనా’ అని అడగాల్సి వచ్చిందంటే లోపం మా డాక్టర్లదే. నొప్పి మీద పనిచేసే అంతర్జాతీయ వైద్య సంఘం 2020లో తన నిర్వచనాన్ని సవరించినప్పుడు, తనకు నొప్పి ఉందని మనిషి చెబితే ఆ మాటను గౌరవించాలని స్పష్టంగా రాసింది.

మూడు నెలలు దాటిన నొప్పిని మేం దీర్ఘకాలిక నొప్పి అంటాం. దెబ్బ మానిపోయినా, అసలు దెబ్బే లేకపోయినా అది కొనసాగవచ్చు. నొప్పి కబురు మోసే నరాలు, వెన్నుపాము, మెదడు కాలం గడిచేకొద్దీ మరీ సున్నితంగా తయారవుతాయి. దాంతో మామూలు కదలిక కూడా నొప్పిగా తెలుస్తుంది. ఇది ఎమ్మారైలో కనపడదు. అందుకే రిపోర్టు నార్మల్‌గా వచ్చినంత మాత్రాన నొప్పి లేదని అర్థం కాదు.

ఇక ముగ్గురూ మూడు రకాలుగా ఎందుకు చెప్పారన్న సంగతి. మా చదువంతా చెడిన భాగాన్ని వెతికి బాగుచేయడం చుట్టూ సాగుతుంది. ఎముక విరిగితే, చీము పడితే ఆ పద్ధతి చక్కగా పనిచేస్తుంది. దీర్ఘకాలిక నడుంనొప్పి దగ్గర అది చాలదు. అయినా ఎమ్మారైలో ఏదైనా కనపడగానే ‘ఇదే కారణం’ అనేయడం మాకు అలవాటైపోయింది. అసలు నడుంనొప్పే లేని 3 వేల మందికి పైగా స్కాన్‌లను పరిశీలించిన ఒక సమీక్ష 2015లో వచ్చింది. 50 ఏళ్ల వయసు వారిలో దాదాపు 80 శాతం మందికి డిస్కుల్లో (వెన్నుపూసల మధ్య ఉండే మెత్తల్లో) అరుగుదల, 60 శాతం మందికి డిస్క్ బల్జ్, అంటే డిస్కు కాస్త బయటికి ఉబ్బడం కనిపించాయి. వాళ్లెవరికీ నొప్పి లేదు! మీ వయసులో ఆ రిపోర్టును తల నెరవడంలాంటి మార్పుగానే చూడాలి.

‘వంగొద్దు’ అన్న మాట చేసే చెరుపు నేను కళ్లారా చూస్తుంటాను. నడుంనొప్పితో వచ్చినవారిని కింద పడిన పెన్ను తీయమంటాను. కొందరు ముందు ఊపిరి బిగబడతారు, ఒక చేత్తో బల్ల అంచు పట్టుకుంటారు, నడుమును కర్రలా నిటారుగా ఉంచి మోకాళ్ల మీదే కిందికి దిగుతారు. ‘ఎవరు చెప్పారు ఇలా చేయమని?’ అంటే ‘డాక్టరు గారే’ అంటారు. ఏళ్ల కిందట ఒకసారి విన్న మాట అది! కదలిక అంటే తామే భయపడే డాక్టర్లు పేషెంట్లకు రెస్ట్ తీసుకోమని, పని మానేయమని ఎక్కువగా చెబుతారని, ఆ భయం పేషెంట్లకూ అంటుకుంటుందని అధ్యయనాలు చూపించాయి. నేను కూడా మొదట్లో బెడ్ రెస్ట్, బెల్టు రాసినవాణ్నే. వాటితో కొందరి కండరాలు ఇంకా బలహీనపడి ఉంటాయని తలచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

‘అంతా టెన్షన్’ అన్నది సగం నిజం. దిగులు, నిద్ర లేకపోవడం నొప్పిని పెంచుతాయి. కానీ ఆ సంగతి మీకు వివరించి సాయం చేయడం వేరు, ఆ మాట అనేసి తలుపు చూపించడం వేరు. తగ్గించలేని నొప్పి ఎదురైతే డాక్టరుకూ ఏం చేయాలో తోచదు. ఆ తోచనితనాన్ని పేషెంటు మీదకు నెట్టేయడం అన్యాయం.

మాత్రల విషయానికొస్తే, దీర్ఘకాలిక నడుంనొప్పి, మోకాలు, తుంటి నొప్పులున్న 240 మందిని ఏడాదిపాటు గమనించి 2018లో ప్రచురించిన పరిశోధనలో, మార్ఫిన్ తరహా బలమైన మందులు మామూలు మందుల కంటే మెరుగ్గా పనిచేయలేదు. మామూలు పెయిన్ కిల్లర్లు కూడా ఏళ్ల తరబడి వాడితే కడుపులో పుండ్లు, కిడ్నీ సమస్యలు, బీపీ రావచ్చు. అలాగని ఇప్పుడు వాడుతున్నవి మీరే ఆపేయకండి. కొన్నింటిని మెల్లగా తగ్గిస్తూ మానాలి.

మీరు చేయాల్సిందల్లా భయం లేకుండా కదలడం. నొప్పి లేని రోజు అతిగా చేసేసి మర్నాడు మంచం పట్టడం కాకుండా, ఈ రోజు పది నిమిషాలు నడవగలిగితే ఈ వారమంతా అదే పది నిమిషాలు నడవండి. వచ్చే వారం రెండు నిమిషాలు పెంచండి. కాస్త నొప్పి పెరిగితే ఏదో చిట్లిందని అర్థం కాదు. వంగడం కూడా ఫిజియోథెరపిస్టు దగ్గర కొంచెం కొంచెంగా మళ్లీ అలవాటు చేసుకోవచ్చు. నిద్ర సరిగా లేకపోతే దానికి విడిగా చికిత్స తీసుకోండి.

ఒక్క విషయం మాత్రం డాక్టరుతో తేల్చుకోవాలి. మీకు నొప్పి 42 ఏళ్లకు మొదలైంది కాబట్టి అడుగుతున్నాను: పొద్దున లేవగానే అరగంటకు మించి నడుం బిగుసుకుపోయి, తిరిగితే తగ్గుతోందా? అయితే కీళ్లవాతం తరహా జబ్బుందేమో రుమటాలజిస్టు చూడాలి. జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, గతంలో క్యాన్సర్ ఉండటం వంటివీ చెప్పాలి. మూత్రం బిగుసుకుపోయినా, మూత్రమార్గం, మలద్వారం చుట్టూ తిమ్మిరెక్కినా, కాళ్లలో బలం తగ్గినా అదే రోజు ఎమర్జెన్సీకి వెళ్లండి.

ఈసారి డాక్టరు దగ్గరకు ఎమ్మారై ఫైలుతో పాటు ఒక కాగితం కూడా తీసుకెళ్లండి. నొప్పి వల్ల మీరు మానేసిన పనులు, అందులో ముందుగా తిరిగి చేయాలనుకుంటున్న పని దాని మీద రాయండి. డాక్టరు మందుల చీటీ రాయడానికి ముందే అది ఆయన చేతిలో పెట్టండి.