గాలి హోరే వినిపిస్తోంది, మాటలు వినిపించట్లేదు (1972 ఆండీస్ విమాన ప్రమాదం సినిమా)

మంచు తుపాను ఇల్లు అదిరేలా మోగి, మాటలు మాత్రం గుసగుసల్లా వస్తున్నాయంటే కారణం దాదాపుగా 5.1 ఆడియోనే (ఆరు స్పీకర్లకు పంచి ఇచ్చే సౌండ్) అన్నా. అందులో మాటలు ఎక్కువగా మధ్య స్పీకర్‌కి వెళ్తాయి. మన టీవీలకు ఉండేవి రెండే.

1. సినిమా ఆపి ఆడియో లిస్టు తెరవండి. చాలామంది భాష చూసుకుని బయటికొచ్చేస్తారు. ఇంకాస్త కిందికి జరపండి. అదే భాష 5.1 లేకుండా మరోసారి కనిపిస్తే దాన్నే పెట్టండి.

2. కనిపించకపోతే, టీవీకి గుచ్చే స్ట్రీమింగ్ స్టిక్ వాడుతుంటే దాని సౌండ్ సెట్టింగుల్లో సరౌండ్ తీసేసి స్టీరియో (రెండు స్పీకర్ల సౌండ్) పెట్టండి.

మా మిర్యాలగూడ ఇంట్లో మొదటిదే సరిపోయింది.

గాలింపు ఆపేశారని ప్రమాదంలో బతికినవాళ్లు ట్రాన్సిస్టర్‌లో వినే చోటు నుంచి మళ్లీ చూడండి. ఆ ముక్క వినపడకపోతే, తర్వాత కొండలు దాటి ఎందుకు నడిచారో సరిగ్గా అందదు. మా నాయన అక్కడే రిమోట్ పట్టుకుని లేచి నిలబడ్డారు.