బావ వీలునామా గురించి మేనకోడలికి

చి.సౌ. మేనకోడలికి మావయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. బావ పోయి నెల తిరగకుండానే ఆస్తి మాట ఎత్తాల్సి వచ్చిందని నొచ్చుకున్నావు. అందులో తప్పేమీ లేదు. ప్లీడరు గుమస్తాగా చేసినన్నాళ్లూ నేను చూసింది ఈ కాగితాలనే కాబట్టి చెబుతున్నాను.

మీకు తెలిసిన ప్లీడరుగారు వెంటనే ప్రొబేట్ వేయాలన్నారట, అంటే వీలునామా అసలైనదేనని కోర్టు చేత ధ్రువీకరింపజేసుకోవడం. తొందరపడకు. వీలునామా రాసిందీ కాకినాడలోనే, ఇల్లు ఉన్నదీ కాకినాడలోనే. ఇక్కడ హిందువుల వీలునామాకు ప్రొబేట్ తప్పనిసరి కాదు. ఎవరైనా పేచీ పెడితే అప్పుడు చూసుకోవచ్చు. మీ తమ్ముడికి అభ్యంతరం లేదంటున్నావు కదా, ఆ మాటే రాతలో తీసుకుని, వీలునామా, మరణ ధ్రువపత్రం జతచేసి ఇంటి పన్ను మా అక్క, అంటే మీ అమ్మ పేరుకు మార్చమని కార్పొరేషన్‌లో దరఖాస్తు పెట్టు.

వీలునామా రిజిస్టరు కాలేదని దిగులు పడకు, కావాలన్న నియమం లేదు. ఇద్దరు సాక్షుల సంతకాలు ఉన్నాయా, వాళ్లు ఇప్పుడెక్కడ ఉన్నారు అన్నవి ముఖ్యం. రేపు వ్యవహారం కోర్టుకెక్కితే వాళ్లలో ఒక్కరైనా వచ్చి చెప్పాలి. అసలు ప్రతికి పిన్ను గుచ్చకు, లామినేషన్ అసలే చేయించకు. ఎవరడిగినా జిరాక్సే ఇవ్వు.

ఇక చిక్కంతా బ్యాంకు డిపాజిట్లతోనే. వీలునామాలో వాటి ఊసే లేదు. రాయకుండా వదిలేసినది 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం పోతుంది. అందులో భార్యాబిడ్డలతో పాటు తల్లికీ సమాన వాటా ఉంది. అంటే అక్క, నువ్వు, తమ్ముడు, మీ నాయనమ్మ, నలుగురికీ తలా పావు భాగం. కొడుకు పోయిన తల్లిని లెక్కలో మరచిపోవడం నేను ఎన్ని ఇళ్లలో చూశానో! తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రంలో ఆవిడ పేరు ఉండేట్టు చూడు. పెళ్లయి వెళ్లిపోయిందని నీ పేరూ వదిలేస్తారేమో, అదీ చూసుకో.

ఒక డిపాజిట్‌కు తమ్ముడు నామినీ అన్నావు. అంతమాత్రాన డబ్బు వాడిదైపోదు. తీసుకుని వారసులకు పంచాల్సిన బాధ్యత వాడిది. నామినీ లేని రెండోదానికి బ్యాంకువాళ్లు కోర్టు నుంచి సక్సెషన్ సర్టిఫికెట్ (వారసత్వ ధ్రువపత్రం) తెమ్మంటారు. మొత్తం మరీ పెద్దది కాకపోతే, వారసులందరూ సంతకాలు చేసి ఇండెమ్నిటీ బాండు (రేపు ఎవరైనా హక్కుదారు వస్తే బ్యాంకు నష్టం మేమే భరిస్తామన్న హామీ పత్రం) ఇస్తే చెల్లించే పద్ధతి బ్యాంకుల్లో ఉంది. ముందు అది కావాలని రాతపూర్వకంగా అడుగు. కాదంటేనే కోర్టు. అక్కడ కోర్టు ఫీజు, పేపరు ప్రకటన, అభ్యంతరాల గడువు, ఇవన్నీ ఉంటాయి. ఈలోగా పిన్ నంబరు తెలుసు కదా అని బావ ఏటీఎం కార్డు ఎవరూ వాడకండి.

తమ్ముడు అమెరికా నుంచి రాలేకపోతే అక్కడి భారత కాన్సులేట్‌లో పవరాఫ్ అటార్నీ చేయించి పంపమను. అది ఇక్కడికి చేరిన మూడు నెలల్లోపు స్టాంపు డ్యూటీ కట్టాలి. ఏ పనికి ఇస్తున్నాడో అందులో విడమరిచి రాయాలి, సర్వాధికారాలూ అక్కర్లేదు.

ఆ ప్లీడరుగారు వచ్చినదాంట్లో పదో వంతు అడగడం నాకు నచ్చలేదు. ఫలితంలో వాటా మాట్లాడుకోవడం బార్ కౌన్సిల్ నియమాలకే విరుద్ధం. రోజూ సివిల్ కోర్టులో కనిపించే మరొకరిని చూడు. ఫీజు ఎంత, ఖర్చులు అందులోనేనా వేరా, కాగితం మీద పెట్టించుకో. వకాలత్‌నామాలో, అంటే మన తరఫున వాదించమని ప్లీడరుకు అధికారమిచ్చే కాగితంలో, ఖాళీలు నింపాకే సంతకం చెయ్యి. ఖాళీ స్టాంపు కాగితం మీద ఎంత పెద్దమనిషి అడిగినా చెయ్యకు. ఫీజు భారమనిపిస్తే, 1987 నాటి చట్టం ప్రకారం ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అర్జీ పెట్టుకోవాలి. మొహమాటపడాల్సిన పని కాదు.

వీలునామా జిరాక్సు, డిపాజిట్ రసీదుల నకళ్లు నాకు పోస్టు చెయ్యి. సాక్షుల్లో ఒకరు మా వీధివారే అనుకుంటాను, సంతకం చూడగానే వెళ్లి కలుస్తాను.

మీ మావయ్య