హెడ్‌సెట్ పెట్టుకుంటే స్పెషల్ టీచర్ అయిపోతారా?

ప్రశ్న: మాది నర్సంపేట దగ్గర పల్లె. మా అమ్మాయి డిగ్రీ అయిపోయింది. వైకల్యమున్న, ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు పాఠాలు చెప్పే స్పెషల్ బీఈడీ చేస్తానని పట్టుబట్టింది. ఆ పిల్లలు కొడతారని, కరుస్తారని, బట్టలు కూడా మార్చాల్సి వస్తుందని చుట్టాలు భయపెడుతున్నారు. ఈ మధ్య ఫోన్‌లో ఒక ఆన్‌లైన్ కోర్సు ప్రకటన చూశాం. కళ్లకు తొడుక్కునే వీఆర్ హెడ్‌సెట్ పెట్టుకుని, కంప్యూటర్‌లో కనిపించే పిల్లలకు పాఠం చెబుతూ ఇంట్లోనే నేర్చుకోవచ్చట. ఆరు నెలల్లో సర్టిఫికెట్ ఇస్తారట. బీఈడీ కన్నా అదే నయం కదా? రెండూ పోల్చి చెప్పండి. – ఒక తల్లి

జవాబు: అమ్మా, పోలిక రెండు ముక్కల్లో తేలిపోతుంది. స్పెషల్ టీచర్‌గా పనిచేయాలంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, అంటే ఆర్‌సీఐ, గుర్తించిన కోర్సు చదవాలి, వాళ్ల దగ్గర రిజిస్టర్ చేయించుకుని సీఆర్‌ఆర్ నంబరు, అంటే వాళ్ల కేంద్ర రిజిస్టర్‌లో ఉండే నంబరు, తెచ్చుకోవాలి. 1992 నాటి చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ లేకుండా ఈ వృత్తి చేయడం నేరం. మీరు చూసిన ప్రకటనలో ఆర్‌సీఐ మాట ఎక్కడైనా ఉందా? లేకపోతే ఆ కాగితం పట్టుకుని డీఎస్సీకి దరఖాస్తు కూడా పెట్టలేరు. ఏ కోర్సుకైనా ఫీజు కట్టేముందు ఆర్‌సీఐ వెబ్‌సైట్‌లో ఆ కాలేజీ పేరు, ఆ కోర్సు, ఈ ఏడాది అనుమతి ఉన్నాయో లేదో చూసుకోండి.

ఇక ఆ హెడ్‌సెట్ సంగతి. టెక్నాలజీ మంచిదే, నేను కాదనను. అమెరికాలో సెంట్రల్ ఫ్లోరిడా యూనివర్సిటీ వాళ్లు టీచ్‌లైవ్ అని ఇలాంటిదే ఒక పద్ధతి తయారుచేశారు. పెద్ద తెర మీద తరగతి గది, అందులో బొమ్మ పిల్లలు. కొత్తగా టీచర్ కాబోయేవాళ్లు ఎదురుగా నిలబడి పాఠం చెబుతారు. ఒక పిల్లాడు వినడు, ఇంకొకడు అడ్డం మాట్లాడతాడు. తమాషా ఏమిటంటే ఆ పిల్లల వెనుక శిక్షణ పొందిన మనిషి ఒకరు కూర్చుని మాట్లాడుతుంటారు, అందుకే జవాబులు నిజం పిల్లల్లా ఉంటాయి. పది నిమిషాలు చెప్పి ఆపుతారు, ఎక్కడ తడబడ్డారో గురువుతో మాట్లాడుకుంటారు, అదే పాఠం మళ్లీ చెబుతారు.

దీని విలువ ఎక్కడుందో చెప్తాను. కొత్త టీచరు ప్రశ్న అడిగి ఒక్క సెకను కూడా ఆగదు, జవాబు తానే చెప్పేస్తుంది. మాట కూడదీసుకోవడానికి టైమ్ పట్టే పిల్లాడికి అది పెద్ద అన్యాయం. అడిగాక నోరు మూసుకుని ఆగడం, పిల్లాడు అరిస్తే తాను అరవకపోవడం, ‘మీ బాబుకు పరీక్షలు చేయించండి’ అని తల్లికి నొప్పించకుండా చెప్పడం, ఇలాంటివి తెర ముందు పదిసార్లు తప్పుచేసి దిద్దుకోవచ్చు. ఆ తప్పులు నిజం పిల్లాడి మీద జరగవు. మంచి కాలేజీలో బీఈడీతో పాటు ఇది కూడా ఉంటే కళ్లకద్దుకుని తీసుకోమంటాను.

కానీ ఒక్క హెడ్‌సెట్‌తోనే టీచర్లను తయారుచేస్తామంటే నాకు నమ్మకం లేదు. మన దగ్గర కొత్త టీచరుకు ఎదురయ్యే పిల్లలను చూడండి. ములుగు వైపు ఇంట్లో కోయ మాట్లాడే పిల్ల, మహబూబాబాద్ తండాలో లంబాడీ మాట్లాడే పిల్లాడు బడికొచ్చి నెలల తరబడి నోరు విప్పరు. అది బుద్ధిమాంద్యమా, చెవి సమస్యా, కేవలం మన తెలుగు అర్థంకాకపోవడమా? ఇది తేల్చుకోవడం స్పెషల్ టీచర్ పనిలో చాలా పెద్ద భాగం. ఇంగ్లిష్‌లో జవాబిచ్చే బొమ్మ పిల్లల ముందు ఎన్ని నెలలు నిలబడ్డా అది రాదు. మధ్యాహ్న భోజనం వేళ స్టీలు పళ్లాలు ఒక్కసారి గలగలమంటే చెవులు మూసుకుని బల్ల కిందికి దూరే పిల్లాడు ఉంటాడు. మొదటిరోజు టీచరుకు అది మొండితనంలా కనిపిస్తుంది. వారం రోజులు పక్కన కూర్చుంటే, పళ్లాలు తీయడానికి రెండు నిమిషాల ముందే వాడిని చెయ్యిపట్టి వరండాలోకి తీసుకెళ్తే చాలని తెలుస్తుంది.

‘ఆటిజం ఎలా ఉంటుందో హెడ్‌సెట్‌లో అనుభవించండి’ అనే ప్రకటనలు కూడా వస్తున్నాయి. వాటిని దూరం పెట్టండి. వైకల్యాన్ని కాసేపు నటించి చూసే ఇలాంటి ప్రయోగాల వల్ల జాలి, భయం పెరుగుతాయే తప్ప కలిసి పనిచేసే ధైర్యం పెరగదని కొన్ని పరిశోధనల్లో తేలింది.

ఇప్పుడు మీతో కాస్త గట్టిగా మాట్లాడతాను, ఏమీ అనుకోవద్దు. ఆ కోర్సులో మీకు నచ్చింది టెక్నాలజీ కాదమ్మా, మీ అమ్మాయి ఆ పిల్లలను ముట్టుకోకుండానే టీచర్ అయిపోతుందన్న ఆశ. ఇలాంటి ప్రశ్న నాకు ఎన్నోసార్లు వచ్చింది, ఎప్పుడొచ్చినా దాని కింద ఉండేది ఈ భయమే. పిల్లాడు తడుపుకుంటే బట్ట మార్చాల్సిందే. ఆయా లేని రోజు టీచరే మార్చాలి. ఆ పని చేయడం మీ అమ్మాయికి చిన్నతనమని మీరెలా నిర్ణయించారు? ఆ పిల్లల తల్లులు మీలాంటివాళ్లే. మండలంలో ఇలాంటి పిల్లల కోసం ప్రభుత్వం నడిపే భవిత కేంద్రానికి పిల్లాడిని చంకనేసుకుని వచ్చి మధ్యాహ్నం దాకా వరండాలో కూర్చుంటారు. చుట్టాల మాటలు విని మీరు వెనక్కి లాగితే, వాళ్లు ఎవరికోసం ఎదురుచూడాలి?

కొడతారు, కరుస్తారు అనే భయం గురించి. ఎప్పుడో ఒకసారి అలా జరగొచ్చు, లేదనను. కానీ పిల్లలు ఊరికే కొట్టరు. నొప్పో, ఆకలో, శబ్దమో, కావాల్సింది చెప్పలేకపోవడమో ఉంటుంది. దాన్ని ముందే పసిగట్టడం కోర్సులోనే నేర్పిస్తారు. మీ అమ్మాయి ఒంటరిగా ఏమీ ఉండదు, సీనియర్లు పక్కనే ఉంటారు.

ఉద్యోగం గురించి కూడా టెన్షన్ వద్దు. ప్రాథమిక స్థాయిలో 10 మంది ప్రత్యేక అవసరాల పిల్లలకు, ఆపై తరగతుల్లో 15 మందికి ఒక స్పెషల్ టీచరు ఉండాలని సుప్రీంకోర్టు 2021లో చెప్పింది. మన రాష్ట్రంలో 2024 డీఎస్సీలో స్పెషల్ ఎడ్యుకేషన్ కింద 220 స్కూల్ అసిస్టెంట్, 796 ఎస్‌జీటీ (సెకండరీ గ్రేడ్ టీచర్) పోస్టులు వచ్చాయి. అవసరం అంతకన్నా చాలా ఎక్కువ. ప్రతి ఏటా నోటిఫికేషన్ వస్తుందని మాత్రం మాటివ్వలేను. రాని ఏడాది ప్రైవేటు స్కూళ్లు, థెరపీ సెంటర్లు, భవిత కేంద్రాల్లో కాంట్రాక్టు పనులు ఉంటాయి, జీతం తక్కువే.

సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో బుద్ధి వైకల్యమున్నవాళ్ల కోసం ఉన్న జాతీయ సంస్థ, ఎన్‌ఐఈపీఐడీ, 1984 నుంచి ఈ రంగంలోనే ఉంది. అక్కడి కోర్సుల వివరాలు ముందు చూడండి. దూరం పంపడం ఇష్టం లేకపోతే మన జిల్లాల్లోనే ఆర్‌సీఐ అనుమతి ఉన్నవి వెతకండి. ఏ కాలేజీకి వెళ్లినా ఒక్కటే అడగండి: ప్రాక్టికల్స్‌కు పిల్లల దగ్గరికి ఎన్ని రోజులు పంపిస్తారు, ఎక్కడికి పంపిస్తారు? జవాబు నసిగితే లేచి వచ్చేయండి.

అప్లికేషన్ పెట్టేలోపు మీ మండల విద్యాధికారిని అడిగి, మీ అమ్మాయిని ఒక వారం భవిత కేంద్రంలో కూర్చోనివ్వండి. మీరూ ఒకరోజు వెంట వెళ్లండి. ఆ తర్వాత కూడా తను ఇదే చదువుతానంటే ఫీజు ఎప్పుడు కట్టాలో కనుక్కోండి. వద్దంటే మళ్లీ రాయండి, వేరే దారి చూద్దాం.