కాలువ పూడ్చి పద్నాలుగు నెలలు: ఇంకా గడువుందా?

ప్రశ్న: మాది మదనపల్లె దగ్గర పల్లె. వంకలోంచి వచ్చే కాలువ కింద మా ఎనిమిది కుటుంబాలు తాతల నాటి నుంచి సేద్యం చేస్తున్నాం. మిగులు నీళ్లు ఊరి చెరువులో పడతాయి. పైపొలం ఆసామి పద్నాలుగు నెలల కిందట తన చేనులో కాలువ పూడ్చి టమాటా పెట్టాడు. పెద్దమనుషుల చుట్టూ తిరిగి విసిగిపోయాం. కాలువ మాదేనని పంచాయతీ తీర్మానం ఇచ్చింది. దిగులుతో మా నాన్న మంచం పట్టారు. జేసీబీతో తవ్వుకోవచ్చా?

జవాబు: తవ్వొద్దు. మీరు రెండు పేజీలు రాశారు గానీ ఆ కాలువ సర్వే నంబరు ఎక్కడా రాయలేదు. కేసు తేలేది దాని మీదే.

ముందు పాత ఎఫ్‌ఎంబీ (పొలం కొలతల పటం), ఆర్‌ఎస్‌ఆర్ (ఏ సర్వే నంబరు ఏ రకం భూమో చెప్పే రిజిస్టరు) నకళ్లు తీయించండి. రీసర్వే అయిన ఊరైతే కొత్త ఎల్‌పీఎం (భూకమతపు పటం) ఒక్కటే చూసి ఊరుకోకండి. కాలువకు వేరే నంబరుండి, ఆర్‌ఎస్‌ఆర్‌లో ‘కాలువ పోరంబోకు’ అని ఉంటే అది ప్రభుత్వ భూమి. 1905 భూ ఆక్రమణల చట్టం కింద తహసీల్దారు సెక్షన్ 7 నోటీసిచ్చి, సెక్షన్ 6 ప్రకారం ఖాళీ చేయించాలి. అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. కదలిక లేకుంటే హైకోర్టులో రిట్ వేయొచ్చు. ఆ ఆసామి ప్రభుత్వ భూమిపై అనుభవ హక్కు చెప్పుకోవాలంటే 30 ఏళ్లు కావాలి, పద్నాలుగు నెలలు ఏ మూలకూ చాలవు.

కాలువ ఆయన పట్టా నంబరులోనే కలిసి ఉంటే మాత్రం దారి ఇరుకు. అప్పుడు మీది 1882 ఈజ్‌మెంట్ల చట్టం సెక్షన్ 15 కింది హక్కు, అంటే ఇంకొకరి భూమి మీదుగా నీళ్లు తెచ్చుకునే అనుభవ హక్కు. అడ్డు లేకుండా, హక్కుగా 20 ఏళ్లు వాడుకున్నట్టు చూపాలి. ఆ 20 ఏళ్లు దావా వేసే రోజుకు వెనక రెండేళ్ల లోపు ముగిసినవై ఉండాలి. అంటే మీకు మిగిలింది పది నెలలు. ఇందులో ఇంకో మెలిక ఉంది. అడ్డంకి సంగతి, అది పెట్టిందెవరో తెలిసి కూడా ఏడాదిపాటు ఊరుకుంటే అనుభవం తెగిపోయినట్టే. ఆ ఏడాది ఇప్పటికే దాటింది. పెద్దమనుషుల దగ్గర నోటిమాటగా చెప్పి, ఒక్క కాగితమూ పెట్టకపోవడం మీ నిర్లక్ష్యం. ఊరుకోలేదని ఇప్పుడు సాక్షులతో రుజువు చేసుకోవాలి: పెద్దమనుషుల పంచాయితీలో కూర్చున్న ఇద్దరు, ముగ్గురు, అప్పటి వాట్సాప్ సందేశాలు, ఫోన్‌లో తేదీతో ఉన్న ఫొటోలు. రిజిస్టర్డ్ పోస్టులో లాయర్ నోటీసు ఈ వారమే పంపండి.

గ్రామ పంచాయతీ తీర్మానాన్ని నమ్ముకోకండి. భూమి హక్కు తేల్చే అధికారం పంచాయతీకి లేదు. పాత అడంగల్‌లో (సాగు వివరాల రికార్డులో) నీటి ఆధారం గడిలో ‘కాలువ’ అని ఉంటే అది ఆ తీర్మానం కంటే ఎన్నో రెట్లు బలం. పొలాలకు నీళ్లు పంచే నీరుగంటి సాక్ష్యం కూడా గట్టిదే.

దావాలో ‘మా పొలాల మీదికి పారే వాన నీళ్లు’ అని ఎవరైనా రాస్తే సంతకం పెట్టకండి. వంకగానో, కాలువగానో పారకుండా, గుంటలోనో చెరువులోనో శాశ్వతంగా నిలవకుండా ఉన్న వాన నీటిపై అనుభవంతో హక్కు రాదని ఈజ్‌మెంట్ల చట్టం సెక్షన్ 17 చెబుతుంది. గట్లున్న కాలువ అని, దాని వెడల్పు, లోతు, వంకలో మొదలయ్యే చోటు, పొలాల్లో చేరే చోటు రాయించండి. ఎనిమిది కుటుంబాలూ వాదులుగా చేరండి. పూడ్చిన మట్టి తీయించేలా మాండేటరీ ఇంజంక్షన్ (ఫలానా పని చేయాలనే కోర్టు ఆదేశం) కోరండి. తహసీల్దారును ప్రతివాదిగా చేరిస్తే ప్రభుత్వంపై దావాకు ముందు ఇవ్వాల్సిన సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 80 నోటీసుకు రెండు నెలలు పడుతుంది. అవీ ఈ పది నెలల్లోంచే పోతాయని లెక్కేసుకోండి.

ఇక జేసీబీ. పట్టా చేనులోకి దిగి తవ్వితే అక్రమ ప్రవేశం, ఆస్తి నష్టం కేసులు మీ మీద పడతాయి. పైగా పూడ్చిన మట్టి మీకున్న బలమైన సాక్ష్యం, దాన్ని మీరే చెరిపేసినట్టవుతుంది. సేద్యపు నీటికి అడ్డం వేయడం భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 326(ఎ) కింద ఐదేళ్ల వరకు శిక్ష పడే నేరం. ఆ ఫిర్యాదు మీరు ఇవ్వొచ్చు. పోలీసులు సివిల్ తగాదా అని పంపేసినా ఆ రసీదు మీరు ఊరుకోలేదని చూపడానికి పనికొస్తుంది.

దావాతో పాటే సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 26 రూల్ 9 కింద అడ్వొకేట్ కమిషనర్‌ను (కోర్టు తరఫున స్థలం చూసి నివేదిక ఇచ్చే లాయర్‌ను) అడగండి, సర్వేయర్ సాయంతో కొలతలు వేయించండి. టమాటా తీసేశాక ఆయన వేరుశనగకు దున్నక ముందే ఈ పని కావాలి. నాలుగు సాళ్లు ట్రాక్టర్ తిరిగిందంటే కాలువ గట్టు ఆనవాలు కూడా దొరకదు.